ఎడమకాలు సెక్షను రేపు

మా ఆవిడ సలోమికి జాకెట్టు గుడ్డ ఇచ్చి నెల దాటింది. నెల పొడుగునా సలోమి చెప్పిన మాట ఒక్కటే: "రేపు రా అక్కా."

దర్జీల భాషలో రేపు అనేది రోజు కాదు, మర్యాద. గుడ్డ ఇంకా కత్తెర మొహం చూడలేదని మన మొహం మీద చెప్పలేక చెప్పే మాట. ఆ సంగతి మా ఆవిడకి తెలుసు. మా ఆవిడకి తెలుసని సలోమికీ తెలుసు. వ్యవహారం ఇలా పోగు తెగకుండా నడుస్తుండగా, మాఘమాసం ముహూర్తాల మధ్య ఒక బుధవారం పొద్దున, సలోమి షాపుకి తాళం పడింది. పాటకి తాళం పడితే జనం తలలు ఊపుతారు. షాపుకి తాళం పడితే తలలు పట్టుకుంటారు. ఊళ్ళో సగంమంది పెళ్ళికూతుళ్ళ జాకెట్లు లోపల ఉండిపోయాయి. వాళ్ళ తల్లులు బయట ఉండిపోయారు.

సలోమిది బస్టాండులో చిట్టచివరి షాపు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మూడుచక్రాల బండి మీద వస్తుంది, ఊతకర్ర పట్టుకుని దిగుతుంది, మోటారు బిగించిన మిషను మీద కుడుతుంది. నోరు మాత్రం మోటారు అక్కర్లేకుండానే నడుస్తుంది. దివ్యాంగుల కోటాలో ఆ షాపు ఆమెకి వచ్చింది. ఊరంతటికీ గుమ్మానికి మెట్టు లేని షాపు అదొక్కటే. మిగతా బజారంతా మెట్ల బజారు. మనకి ఒక మెట్టంటే మెట్టే, ఆమెకి తిరుమల కొండ.

తాళం వేసినవాడు బస్టాండు షాపుల కాంట్రాక్టరు వీరస్వామి. అతని వాదనలో న్యాయం లేకపోలేదు. లోపల గుడ్డల గుట్టలు పెరిగినప్పుడు సలోమి బండి గుమ్మం ముందు నిలబడుతోంది, ప్రయాణికులు తట్టుకుంటున్నారు.

"నడిచొచ్చేటట్టయితే షాపు ఆమెదే. వికలాంగుల కోటా అంటే నాకెప్పుడూ గౌరవమే. బండ్లు మాత్రం కుదరవు" అన్నాడు. సోమవారం నాడు షాపుని మట్టిముంతల టీ కంపెనీకి అప్పజెప్తాననీ, మిషనూ గుడ్డలూ రోడ్డు మీద పెట్టిస్తాననీ కూడా ముందుగానే చెప్పాడు. చెప్పకుండా చేసే రకం కాదు.

సలోమి బండి తిన్నగా మా ఇంటి ముందుకొచ్చి ఆగింది.

"కోర్టు నుంచి స్టే తెస్తే ఆడు ఆగుతాడంట అక్కా. స్టే రావాలంటే లాయరు కావాల. కలెక్టరాఫీసు ఎనక మా కోసరమే ఒక ఆఫీసు పెట్టారంట. ఆళ్ళు కాయితం ఇస్తే లాయరు ఊరికే వచ్చిద్దంట. కానీ ఒక్కదాన్నే పోతే రానీరంట. సమాజాన్ని ఎంటబెట్టుకు రమ్మంటున్నారు."

"సమాజాన్నా?"

"సామాజిక తోడ్పాటు. పక్కన ఒక మనిషుండాల."

మా ఆవిడ ఇల్లంతా ఒకసారి కలియజూసి, చివరికి పడక్కుర్చీ దగ్గర ఆగింది. అందులో నేనున్నాను.

"ఈయన్ని తీసుకెళ్ళు."

"సమాజం అంటే కనీసం నలుగురుండాలి కదే" అన్నాను.

"నలుగురి తిండి తింటారుగా, చాల్లెండి."

ఆ విధంగా నేను సమాజాన్నయ్యాను.

మా ఊరు జిల్లా కేంద్రమై ఎక్కువ కాలం కాలేదు. ఆఫీసులు ముందొచ్చాయి, గోడలు తర్వాత రావాలి. అందువల్ల దొరికిన కొంపలో దొరికినట్టు సర్దుకున్నారు. ఈ ఆఫీసుకి ఒక పాత కల్యాణ మండపం దొరికింది. 'వరుని విడిది' అని రాసున్న గదిలో ఆఫీసరు, 'వధువు విడిది' అని రాసున్న గదిలో సూపరింటెండెంటు. భోజనాల హాల్లో అర్జీదారులు. గోడ మీద 'దయచేసి వడ్డించేవరకు ఓపిక పట్టండి' అన్న పాత అక్షరాలు చెరపలేదు, అవసరం రాలేదు.

బయట బోర్డు మీద 'జిల్లా విభిన్న ప్రతిభావంతుల న్యాయ సహాయ మరియు సామాజిక తోడ్పాటు కేంద్రము' అని ఉంది. ముందుగోడ చాలక బోర్డు మూల తిరిగింది. రోడ్డు మీంచి చూస్తే 'న్యాయ' వరకే కనిపిస్తుంది. సహాయం కావాలంటే సందులోకి తిరగాలి.

"పేరు పొడుగైనకొద్దీ పని పొట్టిదయిద్దన్నా" అంది సలోమి బోర్డు వంక చూసి. "ముందు కుంటిదన్నారు. తరవాత వికలాంగురాలన్నారు. ఆనక దివ్యాంగురాలన్నారు. ఇప్పుడు విభిన్న ప్రతిభావంతురాలంట. ఇంకో పేరు పెట్టేలోపు తాళం తీపిస్తే అదే పదివేలు."

అబద్ధం చెప్పకూడదు, అక్కడ ర్యాంపు ఉంది. వాలు సరిగా ఉంది, పక్కన పట్టుకోవడానికి గొట్టాలు కూడా ఉన్నాయి. ఎక్కడానికే వీలు లేదు, ఎందుకంటే పైనుంచి ఆఫీసు సిబ్బంది ఒకరి వెనక ఒకరు చక్రాల కుర్చీల్లో దిగుతున్నారు.

"జరగండి! జరగండి! బ్రేకు ఎక్కడుందో తెలీట్లేదు!" అని అరుస్తూ ఒక గుమాస్తా మమ్మల్ని దాటుకుంటూ పోయి పూలకుండీలో ఆగాడు.

అటెండరు కొండలు వచ్చి, ఆ గుమాస్తాని కుండీలోంచి తీసి, మాకు సంగతి చెప్పాడు.

"అనుభవోత్సవాలు జరుగుతున్నాయమ్మా. పట్నం నుంచి ఎవరో నిపుణుడంట, మా సార్లకి పెద్ద హోటల్లో క్లాసు చెప్పాడు. తెర మీద బొమ్మలేశాడు. సార్లంతా ఏడ్చారు. సాయంత్రానికి ఆర్డరొచ్చేసింది."

ఆర్డరు గోడ మీద అంటించి ఉంది. 'అర్జీదారు యొక్క విభిన్న ప్రతిభను స్వయముగా అనుభవించని ఏ అధికారియు సదరు అర్జీపై ఉత్తర్వు జారీ చేయరాదు. అనుభవరహిత ఉత్తర్వు చెల్లనేరదు.'

మాట మంచిదే. తనదాకా వస్తేగాని తత్వం బోధపడదని పెద్దలు అన్నారు కదా, పైవాళ్ళు తత్వాన్ని ఆఫీసు దాకా రప్పించారు. ఆఫీసులో ఉన్న చక్రాల కుర్చీలన్నీ సిబ్బంది కిందకే పోయాయి కాబట్టి, నడవలేని జనం ర్యాంపు కింద ఎండలో కూర్చుని, నడవగలిగినవాళ్ళు నడవకుండా ఉండటం ఎలాగో నేర్చుకుంటుంటే చూస్తున్నారు.

ర్యాంపు ఖాళీ అయ్యాక లోపలికి వెళ్ళాం. 'వధువు విడిది'లో సూపరింటెండెంటు భ్రమరాంబ గారు కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుని అర్జీలు స్వీకరిస్తున్నారు.

"ఎవరదీ?"

"సలోమి మేడం. బస్టాండులో దర్జీని."

"తోడు వచ్చారా?"

"వచ్చాడు మేడం. సమాజం."

"సమాజం గారూ, ఎక్కడున్నారు మీరు?"

"మీ ఎదురుగానే ఉన్నానండీ."

"కనపడటం లేదే."

"సమాజం ఎప్పుడూ ఎదురుగానే ఉండిద్ది మేడం, కనపడదు" అంది సలోమి.

భ్రమరాంబ గారు తడుముకుంటూ స్టాంపు తీసి ఠపీమని కొట్టారు. అర్జీ తప్పుకుంది, నా అరచెయ్యి దొరికింది. 'స్వీకరించడమైనది' అని నీలిరంగులో అచ్చు పడింది. సమాజాన్ని ప్రభుత్వం అధికారికంగా స్వీకరించడం మా జిల్లాలో అదే మొదటిసారి.

పక్కన బెంచీ మీద దావూద్ భాయ్ నవ్వాడు. ఆయన పుట్టుగుడ్డి. పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయిస్తాడు. ఈ మండపంలో ఆయన వాయించని పెళ్ళి లేదు. బ్యాంకువాళ్ళు చెక్కు పుస్తకం ఇవ్వనంటున్నారు, కళ్ళున్న సంరక్షకుణ్ణి వెంటబెట్టుకు రమ్మంటున్నారు. వాళ్ళ మీదికి పంపడానికి ఒక లాయరు కావాలని వచ్చాడు.

"పొద్దున్నుంచి నా అర్జీ మూడుసార్లు గోడకిచ్చింది అమ్మగారు" అన్నాడు. "గోడే నయం సాబ్. తీసుకోనంది గానీ తిట్టలేదు. ఇప్పుడు నా అర్జీ నేను చదవలేను, ఆమె చదవలేదు. ఇద్దరం కూచుని అనుభవిస్తన్నాం."

ఇంతలో 'వరుని విడిది' తలుపు తీసుకుని సహాయ సంచాలకులు పరాంకుశం గారు చక్రాల కుర్చీలో దర్శనమిచ్చారు. కుడికాలు కట్టు కట్టుకుని ఉన్నారు. మొహంలో తేజస్సు. సలోమికి ఊతకర్ర ఉన్నట్టే ఆయనకి ఒక ఊతపదం ఉంది: అనుభవం. ఎవరిది వాళ్ళ దగ్గర్నించి లాగేసినా నిలబడలేరు.

"రండమ్మా, రండి. మీ వేదన మా వేదన. నిన్నటి వరకు మేము అధికారులము. నేటి నుండి అనుభవజ్ఞులము. ఏ కాలు?"

"ఎడమ కాలు సార్."

పరాంకుశం గారి తేజస్సు తగ్గింది. తన కట్టు వంక చూసుకున్నారు. సలోమి కాలి వంక చూశారు. మళ్ళీ తన కట్టు వంక చూసుకున్నారు.

"మేము ప్రస్తుతము కుడికాలి అనుభవములో ఉన్నాము. ఎడమకాలు సెక్షను రేపు."

"సార్, తాళం రెండు కాళ్ళకీ పడింది గదా!"

"భావోద్వేగము వలదు. కుడి అనుభవముతో ఎడమ ఉత్తర్వు ఇచ్చినచో ఆడిటువారు మమ్మల్ని నిలబెట్టి అడిగెదరు."

"నిలబెట్టి ఎట్టా అడుగుతారు సార్, మీరు చక్రాల కుర్చీలో ఉంటేను?"

"రేపు రండి" అన్నారు పరాంకుశం గారు.

బయటికొచ్చాక సలోమి బండి ఎక్కింది.

"ఆ మాట ఇన్నావా అన్నా? రేపు రండి. అది మా వృత్తి మాట. నేను ఎంతమందికి చెప్పుంటానో. ఆ మాట చెప్పినప్పుడు గుడ్డ ఏ మూల పడుందో నాకు తెలుసు." బండి తిప్పుకుంది. "నా అర్జీకి ఇంకా కొలతలు కూడా తీసుకోలా."

గురువారం ఎడమకాలు. పరాంకుశం గారు ఎడమకాలికి కొత్త ఇనప ఊచల కాలిపరు బిగించుకుని, రెండు ఊతకర్రలతో భోజనాల హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. ఫొటోగ్రాఫరు ఆయన ముందు వెనక్కి నడుస్తూ ఫొటోలు తీశాడు. హాలు మధ్యలో సారు ఆగి, కండువాతో కళ్ళొత్తుకున్నారు. ఫొటో సరిగా రాలేదంటే మళ్ళీ ఒత్తుకున్నారు. చివర్న కొండలు ఒక పళ్ళెంలో 'ఎడమకాలు అనుభవ ధ్రువపత్రం' తెచ్చి ఆయనకి ఆయన చేతే ఇప్పించాడు.

"ఇప్పుడు సంతకం పెట్టండి సార్" అంది సలోమి.

"తప్పక. ఏదీ అర్జీ?" ఆయన చదవడం మొదలుపెట్టారు. "నేను, బి. సలోమి, దర్జీ వృత్తి... ఊఁ... షాపుకు తాళము వేసి..." ఆగిపోయారు. "తాళము."

"అవును సార్. తాళం."

"మేము కాలు అనుభవించితిమి. తాళము అనుభవించలేదే!"

పరాంకుశం గారు సూపరింటెండెంటు వైపు తిరిగారు. ఆ రోజు భ్రమరాంబ గారిది వినికిడి వంతు. చెవుల్లో దూది, దూది మీద మైనం, మైనం మీద మఫ్లరు. పొద్దున్నుంచి ఎవరేం అడిగినా తల ఊపితే గొడవ వదులుతుందని కనిపెట్టారావిడ.

"సూపరింటెండెంటు గారూ, అనుభవ సంపూర్ణత నిమిత్తము మా గదికి తాళము వేయుట సమంజసమేనా?"

ఆవిడ తల ఊపారు.

"లోపల ఫైళ్ళు, సీలు ఉన్నవి. అయినను?"

ఆవిడ మరింత గట్టిగా ఊపారు.

కొండలు గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. పరాంకుశం గారు మూసిన తలుపు ఎదుట నిలబడ్డారు. మొదట గర్వంగా నిలబడ్డారు. కాసేపటికి మామూలుగా నిలబడ్డారు. ఇంకాసేపటికి కాలు మార్చుకుని నిలబడ్డారు.

"మా ఏసీ లోపల తిరుగుతూనే ఉన్నది" అన్నారు మెల్లగా. "మా క్యారియరు కూడా లోపలే. గుత్తి వంకాయ."

"మా జాకెట్లూ లోపలే సార్."

"ఆహా! ఇప్పుడు తెలిసినదమ్మా, ఇప్పుడు తెలిసినది! గుండె తరుక్కుపోవుచున్నది!"

"తెలిసింది గదా, సంతకం పెట్టండి మరి."

"సీలు లోపల ఉన్నదే."

"తలుపు తీపించండి."

"ఆ మాట మేము అనరాదు. తాళము పడిన వ్యక్తి ఏమి చేయును? అర్జీ పెట్టుకొనును. మేమును పెట్టుకొనవలెను. లేనిచో అనుభవము కల్తీ అగును."

"అర్జీ ఎవరికి పెడతారు?"

"సహాయ సంచాలకుల వారికి."

"అంటే మీకే."

"మాకే. అయితే మేము బాధితులము కదా. బాధితుడు తన అర్జీపై తానే ఉత్తర్వు ఇచ్చుకొనరాదు." "రేపు రండి. మేమును రేపే వచ్చెదము."

ఆ సాయంత్రం బస్టాండు మీదుగా వచ్చాం. షాపు తలుపు సందులోంచి ఎవరిదో ఎర్ర పట్టు అంచు కనిపిస్తోంది. సలోమి బండి దిగకుండానే ఊతకర్రతో ఆ అంచుని లోపలికి తోసింది, దుమ్ము పడకుండా.

"షాపు పోతే ఇంట్లో కుట్టుకోవచ్చు గదా అంటన్నారు అందరూ. నేనుండేది నాలుగో అంతస్తన్నా, రోజుకోసారి దిగి ఎక్కేతలికే పానం పోయిద్ది. ఎవరెక్కొస్తారు? నేనెవరింటికి ఎక్కుతా?" అంది. ఊతకర్ర బండిలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది. సమాజం బండి వెనకే నడిచింది.

శుక్రవారం పరాంకుశం గారు మా కంటే ముందొచ్చి వరుసలో నిలబడి ఉన్నారు, దావూద్ భాయ్ వెనక. చేతిలో అర్జీ. సలోమి అర్జీనే అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకొచ్చారు. 'నేను, బి. సలోమి, దర్జీ వృత్తి' అనే మొదలు. పేరు మార్చినా అనుభవం కల్తీ అవుతుందని ఆయన భయం. ఆ భయానికి కారణం ఉంది. ఆదివారం నాడు పట్నంలో సన్మానం, 'రాష్ట్రంలో మొట్టమొదటి సంపూర్ణానుభవ అధికారి' అని బిరుదు. శాలువా కొలతలు కూడా పంపేశారు.

ఇబ్బందల్లా ఒకటే. అర్జీ తీసుకోవడానికి ఎవరూ లేరు.

"రూలు ప్రకారం తరువాతి స్థానం నాది" అన్నారు భ్రమరాంబ గారు, దూది తీసి. "కానీ నేను కళ్ళూ చెవులే అనుభవించాను. కాలు నాకు రాలేదు. తాళమూ రాలేదు."

"ఎవరికి వచ్చును? ఎడమకాలు, తాళము, అర్జీ, ఈ మూడును అనుభవించిన అర్హత గల వ్యక్తి ఎవరు?" పరాంకుశం గారు చేతులు చాచి హాలుని అడిగారు.

"నన్ను కూచోబెట్టండి సార్" అంది సలోమి.

"నిన్నా?"

"నా కాలు రెండ్రోజులు వాడుకున్నారు గదా. మీ కుర్చీ ఒక పూట ఇస్తే ఏం పోయిద్ది?"

దావూద్ భాయ్ బెంచీ మీద దరువేశాడు. "బరాబర్ సాబ్! పెళ్ళికొడుకు గది ఖాళీగా ఉంచకూడదు!"

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. శాలువా కనిపించి ఉంటుంది. "సూపరింటెండెంటు గారూ, అదనపు బాధ్యతల ఉత్తర్వు టైపు చేయించండి. ఒక పూట. అనుభవ నిమిత్తము."

ఉత్తర్వు టైపైంది. పరాంకుశం గారు దాని మీద సంతకం పెట్టి, మర్యాదగా వరుసలోకి వెళ్ళి నిలబడ్డారు. ఇక కొండలు తన పని మొదలుపెట్టాడు. కొత్త ఆఫీసరు వస్తే గది తాళం తీయడం, కుర్చీకి ఉతికిన టవలు వేయడం, మంచినీళ్ళ గ్లాసు మీద మూత పెట్టడం అతని డ్యూటీ. ఎవరని అడగడం అతని డ్యూటీ కాదు. మన ఆఫీసుల్లో అధికారం కుర్చీలో ఉండదు, టవల్లో ఉంటుంది. టవలు పరిచేశాడు. సలోమి కూర్చుంది. కొండలు నమస్కారం పెట్టాడు.

"సమాజం గారూ, మీరు తలుపు దగ్గర నిలబడండి. ఒక్కొక్కళ్ళనీ పంపండి" అంది సహాయ సంచాలకురాలు సలోమి.

పంపాను. దావూద్ భాయ్ వెళ్ళాడు.

"కూచో భాయ్. చెక్కు పుస్తకమేగా? ఈ ఆఫీసు లిస్టులో లాయరు త్రివేణి గారున్నారు. సాయంత్రం నాలుక్కి బ్యాంకు దగ్గరుండిద్ది." స్టాంపు. ఆయన బయటికొచ్చేసరికి క్లారినెట్ లేకుండానే ఏదో పాట వాయిస్తున్నాడు, నోటితో.

తర్వాత ఒక ముసలాయన, వినపడదు. సలోమి కాగితం మీద రాసి అడిగింది, ఆయన రాసి చెప్పాడు, అయిపోయింది. తర్వాత ఒక తల్లి, మాటలు రాని కూతురు. అయిపోయింది. వడ్డన మొదలైందని హాల్లో గుసగుస పాకింది. అందరూ గోడ మీది అక్షరాల వంక చూసి నవ్వడం మొదలుపెట్టారు. పెళ్ళి భోజనాల్లోలాగే ఒకరినొకరు "మీరు కానివ్వండి", "లేదు లేదు, మీరు కానివ్వండి" అని తోసుకుంటున్నారు.

పరాంకుశం గారి వంతొచ్చింది. ఊతకర్రలతో లోపలికి నడిచారు.

"కూచోండి సార్."

"అదేమిటమ్మా! మమ్మల్ని కూర్చోమనరాదు!"

"ఎందుకని?"

"మేము నిన్ను కూర్చోమంటిమా?"

"అనలా."

"అందుకే."

"కొండలన్నా, సార్‌కి మంచినీళ్ళు" అని అర్జీ అందుకుంది. పైనుంచి కిందదాకా చదివింది. తన అర్జీ, తన పేరు, తన షాపు, పరాంకుశం గారి గుండ్రటి దస్తూరి. 'తమరు దయతో ఒక న్యాయవాదిని నియమించి' అన్న చోట వేలు పెట్టి మళ్ళీ చదివింది. తర్వాత సంతకం పెట్టి సీలు కొట్టింది. "మంజూరు. లాయరు త్రివేణి గారు ఇవాళే కోర్టులో స్టేకి వేస్తారు. ఎళ్ళిరండి."

పరాంకుశం గారు కదల్లేదు. మంచినీళ్ళ గ్లాసు చేతిలో అలాగే ఉంది.

"అంతేనా?"

"అంతే సార్."

"ఇదేమి అన్యాయము! రేపు రమ్మనలేదే!"

"ఇవాళయ్యే పనికి రేపెందుకు సార్?"

"సంపూర్ణానుభవములో 'రేపు రండి' మూలస్తంభము! ఒక్కసారైనా అనుమమ్మా. మా ధ్రువపత్రములో ఆ గడి ఖాళీగా ఉండిపోవును!"

సలోమి కుర్చీలో వెనక్కి వాలింది. "అది నా షాపు మాట సార్. షాపులో ఉంటేనే అంటా. ఇక్కడ కూచుని అనను." తలుపు వైపు చూసింది. "సమాజం గారూ, తరవాత."

లాయరు త్రివేణి గారు నల్లకోటు తొడుక్కుంటూనే సలోమి పేరుతో ఉన్న ఆ కాగితం చదివి, ఇంత తొందరగా ఈ ఆఫీసు నుంచి కాగితం వచ్చిందంటే దొంగ సంతకమేమోనని ముందు అనుమానపడ్డారు. సీలు సరిగానే ఉంది. కోర్టు కట్టేసేలోపు స్టే వచ్చింది. నాలుగు దాటింది గానీ బ్యాంకువాళ్ళు కూడా ఆవిణ్ణి చూసి చెక్కు పుస్తకం వెతకడం మొదలుపెట్టారు.

శనివారం పొద్దున పరాంకుశం గారికి అనుమానం వచ్చింది. గదిలో తన కుర్చీ, తన టవలు, తన ఏసీ. ఎదుట సలోమి మంజూరు చేసిన ఉత్తర్వుల కట్ట. ఒక్క పూటలో ఆ ఆఫీసు ఏడాది పని. ఇలాంటివి రద్దు చేయకపోతే అలవాటైపోతాయి.

"ఇవి చెల్లునా?" అని భ్రమరాంబ గారిని అడిగారు.

"ఇవి చెల్లకపోతే ఆవిడకి మీరిచ్చిన ఉత్తర్వు చెల్లదు సార్. అది చెల్లకపోతే మీ అర్జీ చెల్లదు. అర్జీ చెల్లకపోతే అనుభవం చెల్లదు. అనుభవం చెల్లకపోతే..." ఆవిడ శాలువా అనే మాట నోటితో అనలేదు. చేతులతో భుజాల చుట్టూ చూపించారు. రెండ్రోజుల చెవుడు ఊరికే పోలేదు.

"ధ్రువీకరించడమైనది" అని రాసేశారు పరాంకుశం గారు, ఒక్కో కాగితం మీదా, చెమటలు కక్కుతూ, ఏసీలో.

సోమవారం టీ కంపెనీవాళ్ళు మట్టిముంతల బస్తాలతో వచ్చారు. వీరస్వామి స్టే కాగితం తిరగేసీ మరగేసీ చూశాడు. "బండి సంగతి ఇందులో రాయలేదే" అన్నాడు. "తాళం సంగతి రాశారు, అది తియ్యి" అంది సలోమి. పెళ్ళికూతుళ్ళ తల్లులు అతని చుట్టూ చేరారు. చేరారంతే. ముంతలవాళ్ళు బస్తాలు మళ్ళీ ఆటోలోకి ఎక్కించారు. వీరస్వామి తాళం తీశాడు. సలోమి బండి తిన్నగా లోపలికి పోయింది. చక్రం గుమ్మం దాటిన చప్పుడు కూడా రాలేదు. మెట్టుంటే కదా.

వారం తిరిగాక నేనూ మా ఆవిడా షాపుకెళ్ళాం. మిషను హోరుమంటోంది. గుడ్డల గుట్ట గుమ్మం దాకా వచ్చింది, బండి యథాప్రకారం బయట నిలబడింది.

"రేపు రా అక్కా" అంది సలోమి తలెత్తకుండా.

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య! లోకం మళ్ళీ చక్కబడిందండీ" అంది నాతో.

అప్పుడే ఆఫీసు జీపు వచ్చి ఆగింది. వెనక కొండలుతో పరాంకుశం గారు దిగారు, భుజాన సన్మానం శాలువా, చేతిలో ఒక పొట్లం. శాలువా ఉన్నా మనిషిలో తేజస్సు లేదు. ధ్రువపత్రంలో ఒక గడి ఖాళీగా ఉన్న సంగతి సభలో ఎవరూ చూడలేదుగానీ, ఆయన చూసుకుంటూనే ఉన్నారట.

"అమ్మా, మా శ్రీమతి జాకెట్టు. వచ్చే గురువారము పేరంటము ఉన్నది. ఎప్పుడు రమ్మందువు?"

సలోమి పొట్లం అందుకుని, చూడకుండానే గుట్ట మీదికి విసిరింది. దారం కొరికింది.

"రేపు రండి సార్."

పరాంకుశం గారు కొయ్యబారిపోయారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఫొటోగ్రాఫరు కూడా లేడు. "కొండలూ, విన్నావుగా! సమాజం గారూ, మీరు సాక్షి!" అని శాలువా సర్దుకుని, ఊగిపోతూ జీపెక్కారు.

పాపం, ఆయన మర్నాడు నిజంగానే వచ్చారు.